మా వీధి ఓటీపీలన్నీ మా అమ్మకే

మా నాన్న టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. అందువల్ల నరసాపురంలో మా వీధి మొత్తానికి మొదటి ఫోను మా ఇంట్లోనే పడింది. ముందు గదిలో స్టూలు మీద, లేసు గుడ్డ కప్పుకుని, కొత్త పెళ్ళికూతురిలా కూర్చుని ఉండేది. వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖ అడుగున మా నంబరు వేసి పక్కన పీపీ అని అచ్చు వేయించేవారు. అంటే ఈ ఫోను మాది కాదు, పక్కింటివాళ్ళది, అయినా చేస్తే మమ్మల్ని కేకేస్తారు అని. ఆ కేకేసే ఉద్యోగం మా అమ్మది. జీతం లేదు, సెలవు లేదు, పొయ్యి మీద కూర మాడిపోయినా పట్టించుకునే తీరిక లేదు. ఆవిడకి మాత్రం ఆ ఉద్యోగమంటే ప్రాణం. చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పిన గొంతు కావడంతో అమ్మ అరుగు మీద నిలబడి పిలిస్తే గోదావరి దాటించే పంటు రేవు దాకా వినపడేది.

తర్వాత ఎప్పటికో మునిసిపల్ స్కూల్లో ఆధార్ క్యాంపు పెట్టారు. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి కానీ మా వీధిలో వాటికింకా మర్యాద రాలేదు. ఒకరికి రీచార్జి అయిపోయేది, ఇంకొకరు సిమ్ము మార్చేసేవారు, వేరొకరి ఫోను బావమరిది పట్టుకుపోయేవాడు. క్యూలో మొదట నిలబడినావిడని కంప్యూటరు దగ్గర కుర్రాడు ఫోన్ నంబరు అడిగాడట. ఆవిడ ఆలోచించకుండా మా అమ్మ సెల్ నంబరు చెప్పేసింది. వెనకున్నావిడ కూడా అదే చెప్పింది. ఆ వెనకున్నవాళ్ళూ అంతే. ఇంతమందికి ఒకటే నంబరేంటండి అని ఆ కుర్రాడు అడిగితే, మాకెప్పుడూ ఆవిడ నంబరేనండి, ఫోనొస్తే ఆవిడ కేకేస్తారండి అన్నారట. అమ్మ ఆ క్యూలోనే నిలబడి, నంబరు మర్చిపోయినవాళ్ళకి అందిస్తూ వచ్చింది. ఆ రాత్రి అన్నం తింటూ ఎంత గొప్పగా చెప్పుకుందో నాకింకా గుర్తుంది.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. నాన్న పోయారు. ల్యాండ్‌లైను ఆఫీసుకి తిరిగిచ్చేశాం. స్టూలు మీద పూలకుండీ పెట్టాం. ఇల్లు బోసిపోయింది. నేను పాలకొల్లు స్కూల్లో పాఠాలు చెప్పి సాయంత్రం బస్సు దిగి వచ్చేదాకా అమ్మతో మాట్లాడేందుకు గోడల తర్వాత పక్కింటి లేసు అత్తయ్యే.

ఆ తర్వాత ఓటీపీలు మొదలయ్యాయి. బ్యాంకు ఖాతాకి ఓటీపీ, పింఛనుకి ఓటీపీ, పాన్ కార్డు కలపడానికి ఓటీపీ, కాలేజీ ఫీజు వెనక్కి రావడానికి ఓటీపీ. ఎవరు ఎక్కడ ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ అంకెలు వచ్చి పడేది మా అమ్మ ఫోనులోనే. మళ్ళీ మా అరుగు మీదికి జనం రావడం మొదలైంది. అది చూసి నాకు సంతోషంగానే ఉండేది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత నేను ఆవిడని తిట్టని రోజు లేదు.

అమ్మ దీన్నొక ఆఫీసులా నడిపేది. కాఫీ తాగకముందు ఓటీపీ లేదు. ఆదివారం ఆరాధన అయ్యేదాకా లేదు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పని పడితే ముందుగా చెప్పి ఉంచాలి. మెసేజులో ఆధార్ నంబరు చివరి అంకెలు మాత్రమే కనిపిస్తాయి. ఆ అంకెలు చూసి అది ఎవరిదో అమ్మ ఇట్టే చెప్పేసేది. వీధిలో జనాన్ని ఆవిడ ఆ అంకెలతోనే తలుచుకునేదని నాకో అనుమానం. మెసేజు రాగానే అరుగు మీదికొచ్చి, పేరు పెట్టి పిలిచి, అంకెలు ఒక్కొక్కటిగా పాడినట్టు చదివేది. అవతల ఇంట్లోంచి ఎవరో వాటిని అరచేతిలో రాసుకునేవారు, లేకపోతే బొగ్గుముక్కతో గోడ మీద రాసేవారు.

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదో తరగతికి పాఠం చెప్పి, బస్సు దిగి, వీధి మలుపు తిరిగేసరికి మా అమ్మ గొంతు మైకులా వినపడేది. ఒకరోజు తట్టుకోలేక ఫోను లాక్కుని మెసేజు చదివి వినిపించాను.

"ఇందులో ఏం రాసుందో తెలుసా? ఈ నంబరు ఎవరికీ చెప్పొద్దని రాసుంది."

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ అంటే ఎవరికీ."

"వాళ్ళ నంబరు వాళ్ళకే చెప్పొద్దంటే ఎలాగే? మరి నాకెందుకు పంపించినట్టు?"

 ఈ ప్రశ్న మా పాఠ్యపుస్తకంలో లేదు. నంబర్లు మార్పించమని వీధివాళ్ళకి చెప్పి చూశాను. మార్చుకోవాలంటే సెంటరుకెళ్ళి క్యూలో నిలబడాలి కదండి, అమ్మగారుండగా మాకెందుకండి ఆ తిప్పలు అన్నారు. అమ్మ పక్కనే నిలబడి ముసిముసిగా నవ్వింది.

ఎదురింట్లో రిటైర్డు డ్రిల్లు మేష్టారు ఉంటారు. డబ్బంటే భయమని, బ్యాంకు తప్ప ఇంకో గడప తొక్కనని చెప్పుకునే మనిషి. ఓ ఉదయం ఆయన ఇంట్లో భార్య, వియ్యపురాలు కూర్చుని టిఫిను తింటుండగా అమ్మ అరుగు మీది నుంచి కేకేసింది. "మేష్టారండీ, మీ షేర్ల ఖాతాకి ఓటీపీ వచ్చిందండీ, రాసుకోండి." మేష్టారు రాసుకోలేదు. ఆ వారమంతా ఆయన కాఫీ హోటల్లో తాగడం వీధంతా చూసింది. ఇదంతా నీ వల్లే అని నేనంటే, "నేనేం చేశాను, వచ్చింది చెప్పాను" అని అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంది. ఆవిడని ఎవరూ మార్చలేరని అప్పుడు నేను ఖాయం చేసుకున్నాను.

లేసు అత్తయ్య గురించి చెప్పాలి. మా పక్కింటావిడ. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు, అందుకని నాకు అత్తయ్య. వీధిలో లేసు అల్లని ఆడది లేదు కానీ ఈవిడ చేతి అల్లిక వేరు. కొక్కెం సూది పట్టుకుంటే చూపు దాని మీద పెట్టాల్సిన పని లేదని, వేళ్ళకే కళ్ళున్నాయని ఆవిడే చెప్పుకునేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక దారపు ఉండ పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేసేది. ఆవిడకి ఒకడే కొడుకు, రొయ్యల మేతల కొట్టులో పని. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. దాంతో ఆవిడ నోటికి రోజూ కోడలే మేత.

ఆ కోడలు నెమ్మదైన పిల్ల. ఓటీపీ కోసం ఎప్పుడొచ్చినా గుమ్మం బయటే నిలబడి, ఆంటీగారండీ అని ఒకసారి పిలిచి ఊరుకునేది. ఒకరోజు భీమవరంలో ఏదో ఆస్పత్రికి వెళ్ళి మొగుడికీ తనకీ హెల్త్ కార్డులు తీయించింది. దానికి ఓటీపీలు వచ్చాయి, అమ్మ చెప్పింది, అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ కార్డు ఆధార్‌తో తీసింది కాబట్టి దాంట్లో ఉన్న ఫోన్ నంబరు కూడా అమ్మదే. ఆస్పత్రివాళ్ళ మెసేజులన్నీ ఇక మా ఇంటికే రావడం మొదలైంది.

ఓ సాయంత్రం నేను బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ ఫోను తీసుకొచ్చింది.

"ఆండ్రాలజీ అంటే ఏంటే?"

చూశాను. లేసు అత్తయ్య కొడుకు పేరు మీద వచ్చింది. ఫలానా రోజు, ఫలానా డాక్టరు, రెండోసారి పరీక్ష, ఆ విభాగం పేరు.

"మగవాళ్ళకి పిల్లలు పుట్టకపోతే చూసే డాక్టరమ్మా" అన్నాను.

అమ్మ మంచం మీద కూర్చుంది. ఫోను బోర్లా పెట్టింది. ఆ రాత్రి వంట నేనే చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల వచ్చింది. నేను లోపల చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను, మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఆంటీగారండీ, మెసేజేమైనా వచ్చిందాండి?"

"వచ్చిందమ్మా, ఇదిగో చూసుకో."

గాజులు గలగలమన్నాయి, ఫోను అందుకున్నట్టుంది.

"మీరు చదివారాండి?"

"లేదమ్మా. కళ్ళజోడు ఎక్కడో పెట్టేశాను, కనపట్లేదు."

నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. కళ్ళజోడు అమ్మ ముక్కు మీదే ఉంది. ఆ పిల్ల దాని వంక చూసింది. నవ్వలేక, ఏడవలేక తల దించుకుంది.

"అత్తయ్యగారికి తెలీకూడదండి. ఆయన ఇంక ఆ ఇంట్లో తలెత్తుకోలేరండి. నన్ననుకుంటే అనుకోనివ్వండి, నాకలవాటైపోయింది."

"నాకేం తెలీదమ్మా" అంది మా అమ్మ.

ఆ రోజు నుంచి అరుగు మీద కేకలు ఆగిపోయాయి. ఎవరికి మెసేజొచ్చినా అమ్మ వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళి, ఫోను చెంగు చాటున పెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఏంటండి, గొంతు పోయిందా అని ఒకళ్ళిద్దరు అడిగారు. జలుబు అంది. ఆ జలుబు తగ్గనే లేదు. డ్రిల్లు మేష్టారు మాత్రం నన్ను దారిలో ఆపి, మీ అమ్మగారికి ఎవరైనా మందిస్తే వేసుకోనివ్వకండి, ఇలాగే బాగుందండి అన్నారు.

కష్టం మధ్యాహ్నాల్లో వచ్చింది. లేసు అత్తయ్య యథాప్రకారం వచ్చి, సూది తిప్పుతూ కోడల్ని తిట్టడం మొదలుపెట్టేది. ఎన్ని ప్రార్థనలు చేయించాననీ, ఎన్ని ఉపవాసాలున్నాననీ, ఆ పిల్ల ఒంట్లోనే ఏదో లోపముందనీ, తన కొడుకు బంగారమనీ. దసరా సెలవుల్లో నేను ఇంట్లోనే ఉండి ఇదంతా వినాల్సి వచ్చింది. అమ్మ తల వంచుకుని బియ్యంలో రాళ్ళేరేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. ఆ నోటికి జవాబు అమ్మ పక్కనే, ఫోనులో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అమ్మని వంటింట్లోకి లాక్కుపోయాను.

"చెప్పేయమ్మా. ఒక్క మాట చాలు, ఆవిడ నోరు మూతపడుద్ది. ఆ పిల్ల బతుకు బాగుపడుద్ది."

"అది నా మాట కాదు కదే."

"నీ ఫోనుకే కదా వచ్చింది."

"పోస్టుమేను సంచిలో కూడా ఉత్తరాలుంటాయి. ఆయనవి అయిపోతాయా?"

"పోస్టుమేను చదవడు. నువ్వు చదివేశావు."

"చదివేశాను కాబట్టే నోరు మూసుకుంటున్నాను. నీకు చూపించడమే తప్పయింది. నువ్వు కూడా మూసుకో."

గోప్యత గురించి క్లాసులో అన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను. ఇంట్లో మొదటిసారి ఆ అవసరం పడేసరికి, పక్కింటి గుట్టు అరుగెక్కి చెప్పేయాలని నాకే నాలుక దురద పుట్టింది. మంచికే కదా అనుకున్నాను. మంచికే అనే మాట ఎంత సులువుగా నోట్లోకి వస్తుందో నాకు తెలిసొచ్చింది, దాంతో నా మీద నాకే చిరాకేసింది. అమ్మ మీద ఇంకా ఎక్కువ వేసింది. నిన్నటిదాకా ఊరికి టముకు వేసిన మనిషి ఇవాళ నాకు నీతి చెబితే మండదూ.

ఇంకో చిత్రం. ఆ పిల్ల ఒకసారి ఫోను చూసుకోవడానికి వచ్చినప్పుడు అమ్మతో చిన్న గొంతుతో ఇంకో మాట చెప్పింది. అత్తగారికి ఈమధ్య చూపు సరిగా ఆనట్లేదట. అల్లికలో తప్పులు పడుతున్నాయట. రాత్రి ఆవిడ పడుకున్నాక ఈ పిల్ల ఆ తప్పు వరసలు విప్పేసి, మళ్ళీ అల్లి పెడుతోందట. "ఆవిడకి చెప్పకండి ఆంటీగారండీ, చేతి పని పోయిందంటే తట్టుకోలేరు" అంది. అమ్మ నెత్తిన ఇంకో మూట పడింది. గోడకవతల ఒకే ఇంటివి రెండు గుట్లు, ఇవతల బియ్యం ఏరుకుంటూ మా అమ్మ.

ఇలా ఉండగా ఎవరో పుణ్యాత్ములు భీమవరం బస్సులో ఆ పిల్లనీ మొగుణ్ణీ చూశామని లేసు అత్తయ్యకి చెప్పారు. ఆస్పత్రి దగ్గర దిగారని కూడా చెప్పారు. ఆవిడ ఆ మధ్యాహ్నం దారపు ఉండ లేకుండా వచ్చింది. సెలవులింకా అవలేదు, నేనూ ఇంట్లోనే ఉన్నాను.

"వదినా, మా కోడలు ఏ ఆస్పత్రికి పోతుందో నీకు తెలుసు. మెసేజులన్నీ నీకే వస్తాయి కదా. ఫోనియ్యి, చూస్తాను."

"నాకేం తెలీదు వదినా."

"దేనికి పోతుందో కూడా అందులో ఉంటుందంట. నా ఇంటి సంగతి నాకు తెలియక్కర్లేదా?"

"నీ మెసేజొస్తే నీకు చూపిస్తాను. వాళ్ళది వాళ్ళకి చూపిస్తాను."

మా వైపు కోపం వచ్చినకొద్దీ మర్యాద పెరుగుతుంది. లేసు అత్తయ్య లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"అలాగేనండి. మీరు పెద్దవారండి. వీధిలో అందరి గుట్టూ పెట్టెలో పెట్టుకుని తాళంచెవి మొలలో దోపుకున్నారండి. మాలాంటివాళ్ళకి మీ గుమ్మం ఎక్కే అర్హత లేదండి."

"అలా అనకండి వదినగారూ" అంది అమ్మ. అమ్మ కూడా అండిలోకి దిగిపోయిందంటే ఇక అయిపోయిందని నాకర్థమైంది.

ఆ తర్వాత రెండిళ్ళ మధ్య మాటల్లేవు. చర్చిలో ఆవిడ స్తంభానికి అటు, అమ్మ ఇటు. మధ్యాహ్నం అరుగు ఖాళీ. అమ్మ బయటికి ఏమీ అనేది కాదు కానీ, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. నాన్న పోయినప్పుడు ఆవిడ పక్కన పడుకున్నది లేసు అత్తయ్యే. అలాంటి మనిషిని ఒక్క మెసేజు కోసం పోగొట్టుకున్నావని నేనన్నాను. అమ్మ నా వంక చూసి, "నాకు మాత్రం బాధ లేదనుకుంటున్నావా" అంది. 

లేసు అత్తయ్య పంతం తక్కువది కాదు. ఇక తన ఓటీపీ కూడా మా ఇంట్లో ఉండకూడదని తీర్మానించుకుని, కొడుకు సిమ్ము ఒకటి పట్టుకుని ఆధార్ సెంటరుకి పోయింది. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే చెప్పింది. నంబరు మార్చాలంటే వేలు పెట్టమన్నారు. బొటనవేలు పెట్టింది, మిషను ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది, అదీ లేదు. చిన్నప్పటి నుంచి దారం ఒరుసుకుని అరిగిపోయిన వేళ్ళు అవి, అద్దంలా నున్నగా ఉన్నాయి. సబ్బుతో కడుక్కురమ్మన్నారు, చీరకి తుడుచుకోమన్నారు, నొక్కి పెట్టమన్నారు. లాభం లేకపోయింది. పోనీ కంటిపాప తీస్తామని కళ్ళ ముందు ఇంకో మిషను పెట్టారు. అది కూడా మూలిగి ఊరుకుంది. మీ కళ్ళలో పొర ఉన్నట్టుందండి మామ్మగారూ, ముందు డాక్టరుకి చూపించుకు రండి అన్నాడు ఆ కుర్రాడు.

డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలే అన్నాడు. ముదిరినదానికి ముందు చేయాలి, ప్రభుత్వ పథకంలో ఉచితంగానే చేస్తాం, ఆధార్ ఓటీపీ ఒకటి చెప్పండి చాలు అన్నాడు.

ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడిన సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. చీకటి పడుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాసేపు గోడకున్న క్యాలెండరు చూసింది, అది ఆవిడకి కనపడుతుందని నేననుకోను.

"వదినా, నాకో ఓటీపీ కావాలి" అంది.

అమ్మ ఎందుకని అడగలేదు. "ఎక్కడ కావాలి?" అంది.

"పాలకొల్లులో. ఆస్పత్రిలో. నువ్వు రావాలి." అని, గొంతు బాగా తగ్గించింది. "మా కోడలికి తెలీకూడదు. కళ్ళు పోయాయని తెలిస్తే ఇంక సూది పట్టుకోనివ్వదు. మూల కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. నేనలా బతకలేను వదినా."

"నాకేం తెలీదు" అంది అమ్మ.

లేసు అత్తయ్య తలెత్తింది. ఆ మాట ఎక్కడో విన్నట్టు అమ్మ వైపు చూసింది. అమ్మ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది. నేను నోట్లో నవ్వు ఆపుకోవడానికి క్యాలెండరు వైపు తిరిగాను.

ఆపరేషను రోజు నేను స్కూలుకి సగం రోజు సెలవు పెట్టాను. కౌంటరు దగ్గర అమ్మాయి ఓటీపీ చెప్పండమ్మా అని గట్టిగా అడిగింది. అమ్మ చెప్పలేదు. కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళి, ఆ అమ్మాయి కళ్ళ ముందు ఫోను పెట్టి చూపించింది. ఇక్కడికి రాకూడదండి అని ఆ అమ్మాయి అంటే, ఇది రహస్యమమ్మా అంది. చుట్టూ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ శుక్లాలవాళ్ళే. ఒక ముసలాయన పకపకా నవ్వాడు.

తర్వాత అసలు నాటకం. అమ్మకి మోకాలి నొప్పి ఎక్కువైందనీ, నేను స్కూలుకి పోతే తోడు ఎవరూ లేరనీ, అందుకని లేసు అత్తయ్య కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంటుందనీ కథ అల్లాం. సందెవేళ ఆటో దిగి, లేసు అత్తయ్య నల్లకళ్ళజోడు మీదుగా ముసుగు వేసుకుని లోపలికి నడిచింది. వెనకాల అమ్మ కుంటుకుంటూ వచ్చింది. కుంటడం అలవాటు లేక ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు కుంటింది. ఎదురింటి అరుగు మీద డ్రిల్లు మేష్టారు పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూసి ఆకాశం వైపు చూస్తూ, వాన వచ్చేలా ఉందండి అన్నారు. ఎక్కడా మబ్బు తునక లేదు.

మర్నాడు మేష్టారి భార్య గిన్నెతో మునగాకు పప్పు పంపింది. మీ మోకాలికి మంచిదండి అని చెప్పి పంపింది. మునగాకు కంటికి మంచిదని మా జిల్లాల్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తర్వాత ఇంకో ఇంటి నుంచి క్యారెట్ హల్వా వచ్చింది. అదీ మోకాలికే. వీధిలో అందరికీ తెలిసిపోయింది, ఎవరికీ ఏమీ తెలియదు. అరచి ఓటీపీలు చెప్పుకున్న వీధి ఇదేనా అని నాకు అనుమానం వచ్చింది. నల్లజోడు పెట్టుకుని పప్పు తింటూ లేసు అత్తయ్య మాత్రం, చూశావా వదినా, ఒక్కరికి కూడా అంతు చిక్కలేదు అని మురిసిపోయింది.

ఆ శనివారం స్కూలు లేదు. మధ్యాహ్నం అమ్మ ఫోను మోగింది. అమ్మ తెర చూసి, మెసేజు తెరవకుండానే చేతిలో పట్టుకుంది. ఎవరిదో నాకర్థమైంది. భీమవరం రిపోర్టులు ఆ వారంలోనే వస్తాయని ఆ పిల్ల ముందే చెప్పి ఉంచింది. కాసేపటికి గుమ్మం బయట నెమ్మదిగా, ఆంటీగారండీ అని వినపడింది. లేసు అత్తయ్య ఉన్న గదికీ ముందు గదికీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డం.

నేను గోడకి అంటుకుపోయాను. ఆ పిల్ల ఒక్క మాట పైకి చదివినా, ఒక్క ప్రశ్న అడిగినా, ఇన్నాళ్ళూ దాచిందంతా కర్టెన్ దాటి లోపలికి పోతుంది. అమ్మ గబగబా గుమ్మంలోకి నడిచింది. కుంటడం పూర్తిగా మర్చిపోయింది. ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల చదువుకుంది. రెండోసారి చదువుకుంది. ముఖం చూస్తే మంచి కబురో చెడ్డ కబురో నాకు తెలియలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. అమ్మ అడగలేదు. నేను అడగబోతే నా చెయ్యి గిల్లింది.

ఫోను తిరిగి ఇచ్చేసి ఆ పిల్ల కర్టెన్ వైపు ఒకసారి చూసింది.

"డ్రాప్స్ టైముకి వేస్తున్నారాండి?" అంది, గుసగుసగా.

"ఏ డ్రాప్సమ్మా?" అంది అమ్మ.

"మీ మోకాలికండి" అని, ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. లోపల లేసు అత్తయ్య ఎంత విందో, ఇప్పుడు ఏం గొడవ మొదలవుతుందో అని నేను కర్టెన్ తప్పించి లోపలికి వెళ్ళాను. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ నడక చప్పుడు కూడా తెలుస్తుంది. రోజూ వింటున్నదే.

లేసు అత్తయ్య మంచం మధ్యలో కూర్చుని ఉంది. నల్లజోడు ముఖం మీదే ఉంది. రెండు అరచేతులూ రెండు చెవుల మీద గట్టిగా అదిమి పెట్టుకుంది.  నేను వచ్చినట్టు కూడా ఆవిడకి తెలియలేదు. భుజం మీద చెయ్యి వేశాను. అప్పుడు ఒక చెవి మీది చెయ్యి కొంచెం తీసింది.

"వెళ్ళిపోయిందా?" అంది.

"ఎవరండీ?" అన్నాను.

ఆవిడ నల్లజోడు సర్దుకుంది.

"ఎవరో మరి. నేను వినలేదు" అని రెండో చెయ్యి కూడా దించి, కంట్లో మందు వేయమని తల వెనక్కి వాల్చింది.